గోటికి తగలని అతుకు

సేలం పక్కనున్న ధర్మపురిలో కొత్తిల్లు కట్టుకుని వంటింట్లో నల్లరాయి వేయించుకున్నవాళ్ళు పాలు పొంగించే ముందు ఓబప్పను పిలిపించేవాళ్ళు. పురోహితుడు ఆలస్యంగా వస్తే సర్దుకునేవాళ్ళు గానీ, ఓబప్ప బొటనవేలు పడని రాయి మీద పొయ్యి పెట్టడానికి ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఇది ఎనభైల నడిమినాటి సంగతి. చుట్టుపక్కల గుట్టల్లోంచి నల్లరాతి దిమ్మెలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతున్న కాలం. నిండు పలకలు పైదేశాలకు పోయేవి. అంచు విరిగినవీ, పొడుగు చాలనివీ ఊరివాళ్ళకు మిగిలేవి. అంతవరకూ సిమెంటు గచ్చు మీదో కడప బండ మీదో వండుకున్న ఇళ్ళలోకి అద్దంలా మెరిసే నల్లరాయి వచ్చింది. వంటగట్టును అక్కడ మేడై అంటారు. ఏ మేడైకీ ఒకే పలక సరిపోయేది కాదు, రెండు ముక్కలు కలపాల్సిందే. కలిపినచోట ఒక ముక్క వెంట్రుకవాసి లేచి ఉన్నా చాలు, తుడిచిన నీళ్ళు అక్కడ నిలుస్తాయి, రాగిపిండి ఇరుక్కుంటుంది, చీమలు బారులు తీరతాయి. దాన్ని రోజూ గోకి కడుక్కోవలసింది ఆడవాళ్ళే కాబట్టి అతుకు విషయంలో వాళ్ళకంత పట్టుదల.

ఓబప్ప పలకలు పరిచేవాడు కాదు. ఆయన ఉలి పట్టిన మనిషి. రోళ్ళు, రుబ్బురోళ్ళు, తిరగళ్ళు చెక్కి సంతల్లో అమ్మి బతికాడు. కరెంటు గ్రైండర్లు వచ్చి ఇంటింటా రుబ్బురోలు మూలపడ్డాక ఆయన పనీ మూలపడింది. పాలిష్ మిషన్లు నేర్చుకునే వయసూ దాటిపోయింది, ఓపికా లేదు. కానీ రాయి తీరు తెలిసిన చేయి కదా అని ఎవరో ఒకసారి పిలిచి అతుకు చూడమన్నారు. ఆయన చూసి, గొంతు సవరించుకుని, ఒక ముక్క ఎత్తుగా ఉందన్నాడు. పరిచినవాడు కాదన్నాడు. మజ్జిగలా పలచగా పిండి కలిపి పోసి చూస్తే అతుకు పక్కన గట్టుకట్టినట్టు నిలిచింది. ఆ రోజునుంచి ఓబప్ప మాటకు తిరుగులేదు.

తిరుగులేని మాట దొరికిన మనిషికి దర్పం రాకుండా ఉంటుందా? ఓబప్పకు దండిగా వచ్చింది. పిలిచినవాళ్ళింటికి ఉతికిన పంచెతో వెళ్ళేవాడు. గుమ్మం బయట కాళ్ళు కడుక్కునేవాడు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చేదాకా రాయి మొహం చూసేవాడు కాదు. ఆ తర్వాత లేచి, తుండు భుజమ్మీద సర్దుకుని, మేడై ముందు నిలబడి కళ్ళు మూసుకునేవాడు. అరచేత్తో రాయిని నిమురుతూ పోయి, అతుకు తగలగానే ఆగి, బొటనవేలి గోరు ఎడమనుంచి కుడికీ, కుడినుంచి ఎడమకీ అడ్డంగా లాగేవాడు. కళ్ళు తెరిచి "తగల్లేదు" అంటే మంచి అతుకు. "తగిలింది" అంటే పలక లేపాల్సిందే. కొందరు బ్లేడు దూర్చి చూస్తారు, కొందరు దీపం వెలుగు రాయి మీద పడేలా పెట్టి, వెలుగు అతుకు దగ్గర విరిగిందా లేదా అని చూస్తారు. వాళ్ళను ఓబప్ప లెక్కచేసేవాడు కాదు.

ఇంతకీ కళ్ళు మూసుకోవడం అవసరమా అంటే, ఏమాత్రం అవసరం లేదు. అది ఉత్త డాబు. ఆ డాబే లేకుంటే ఈ కథలో సగం జరిగేది కాదు.

ఆయన వేళ్ళు మొద్దుబారడం ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగ్గా తెలియదు. మొదట్లో చొక్కా గుండీ పెట్టుకుంటుంటే జారిపోయేది. తర్వాత ఒకసారి పొయ్యిమీది గిన్నెను ఉత్తచేత్తో దించి, వేళ్ళు కాలిన సంగతి బొబ్బలు లేచాక చూసుకున్నాడు. అది చక్కెర జబ్బు చేసిన పని అని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పింది చాలా రోజుల తర్వాత. అప్పటికి మాత్రం ఆయన మనసులో పడిన భయం వేరు. ఆ రోజుల్లో ఊరూరా సర్కారు మనుషులు తిరిగి, జనం ఒంటిమీద ఈక రాస్తూ "తెలుస్తా ఉందా?" అని అడిగేవాళ్ళు. తెలియదన్నవాడికి పెద్దరోగం అని వీధంతా గుసగుసలాడేది. పెద్దరోగం అంటే కుష్ఠు. ఆ మాట పడ్డ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. ఆ మనుషులు తమ వీధికి వచ్చిన రోజు ఓబప్ప దొడ్డివైపు తడికె వెనకాల కూర్చుని, వాళ్ళు పోయారని తెలిశాకే ఇవతలికి వచ్చాడు. అంత వయసు మనిషి దొంగలా నక్కి కూర్చున్నందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా భార్య సాకమ్మకు కూడా చెప్పలేదు.

పైగా ఆమె మీదే విసుక్కున్నాడు. "ఏమే, ఈ మధ్య కాఫీ అంతా చల్లారబెట్టి ఇస్తాండావు?"

"పొయ్యి సరిగ్గా మండేది లేదు" అనేసి సాకమ్మ లోపలికి పోయేది.

వేలికి ఏమీ తెలియకపోతే ఏమవుతుంది? ప్రతి అతుకూ మంచి అతుకే అవుతుంది. ఓబప్ప కళ్ళు మూసుకుని గోరు లాగేవాడు, ఏమీ తగిలేది కాదు, "తగల్లేదు" అనేవాడు. పలకలు పరిచేవాళ్ళకు ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్దాయన మెత్తబడ్డాడని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు. కొన్నాళ్ళు అలా గడిచాయి.

ఒక సంతరోజు పెరియంపట్టి నుంచి వచ్చిన చెన్నమ్మ ఆయన్ను బజారులో ఆపింది. వేరుశెనగ పండించే రైతు భార్య. వాళ్ళ కొత్తింటి మేడైను ఓబప్పే చూసి బాగుందన్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు" అంది చెన్నమ్మ మెల్లగా. "ఆ అతుకు దగ్గర రోజూ నీళ్ళు నిలిచిపోతాండాయి. పిండి ఇరుక్కుని పులిసిన వాసన కొడతాది. మా ఆయన రాయి పరిచినవాణ్ణి అడుగుదామంటే నేనే వద్దన్నాను. ఓబప్పన్న చూసి బాగుందన్నాక మనం ఎట్ల నోరు తెరిచేది అన్నాను."

ఆమె నిష్ఠూరంగా అని ఉంటే ఆయన ఎదురు మాట్లాడేవాడే. ఆమె అలా అనలేదు, తన చేతిసంచిలోని జామకాయలు రెండు తీసి ఆయన తుండులో పెట్టి పోయింది. ఓబప్పకు తల కొట్టేసినట్టయింది. ఆ జామకాయలు ఇంటికి తీసుకుపోలేక బస్టాండు దగ్గర ఎవరికో ఇచ్చేశాడు. ఇక ఎవరు పిలిచినా పోకూడదనుకున్నాడు. కానీ పోకపోతే ఎందుకు పోలేదని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి? కాబట్టి పోతూనే ఉన్నాడు.

సోగత్తూరులో బాలసుందరం కట్టిన ఇంటి పిలుపు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. బాలసుందరానికి బజారులో బట్టలకొట్టు ఉంది. అందరూ మొదలాళి, అంటే యజమాని, అంటారు. ఆ ఇంట్లో మేడై పరిచింది జయరామ, అంటే సాకమ్మ తమ్ముడు, ఓబప్పకు స్వయానా బామ్మర్ది. ముప్పై దాటినవాడు, నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు గానీ పని చూస్తే కళ్ళు చెదరాలి. ఇన్నాళ్ళూ ఎవరి కిందో పనిచేసి, మొదటిసారి సొంతంగా పట్టిన పెద్దిల్లు అది. ఇది నచ్చితే తన తమ్ముళ్ళు కట్టే ఇళ్ళు కూడా నీకేనని మొదలాళి మాటిచ్చి ఉన్నాడు.

ఓబప్ప వెళ్ళేసరికి వంటింటి నిండా జనం. మొదలాళి తమ్ముళ్ళు, వాళ్ళ భార్యలు, వడ్రంగులు, సున్నం కొట్టేవాళ్ళు. మొదలాళి భార్య రాజమ్మాళ్ స్వయంగా కాఫీ తెచ్చి ఇచ్చింది. జయరామ తడిగుడ్డతో రాయిని ఇంకోసారి తుడిచి పక్కకు నిలబడ్డాడు. మొహంలో భయం లేదు. మంచి వంట చేసి వడ్డించేవాడికి ఉండే ధీమా ఉంది.

ఓబప్ప కళ్ళు మూసుకున్నాడు. అరచేయి రాయి మీద పోతోంది. అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. ఇక్కడే ఉండాలి అనుకున్నచోట ఆగి గోరు లాగాడు. ఏమీ తగల్లేదు. మళ్ళీ లాగాడు. పెరియంపట్టిలోనూ ఇలాగే తగల్లేదు కదా అని గుర్తొచ్చింది. ఇది కూడా అలాంటిదే అయితే? రేపు ఇక్కడ నీళ్ళు నిలిస్తే, బామ్మర్ది పని కాబట్టి కప్పిపుచ్చాడని ఊరంతా ఉమ్మేస్తుంది. బాగుందని చెప్పి చెడ్డదైతే మాట పోతుంది. బాగాలేదని చెబితే పోయేదేముంది, ఇంకొంచెం జాగ్రత్తగా పరుస్తాడు. ఇంత ఆలోచనా మూసిన కళ్ళ వెనకే జరిగిపోయింది.

కళ్ళు తెరిచి "తగిలింది" అన్నాడు.

ఎవరో నిట్టూర్చారు. జయరామ ఒక అడుగు ముందుకు వచ్చి, మేడైకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇంకోతూరి చూడు బావా."

"తగిలిందని చెప్పినాను కదా. ఎడమపక్క రాయి లేచి ఉండాది."

జయరామ తడిగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. "సరే బావా. తీసేసి వేరే రాయి వేస్తాను" అన్నాడు.

రాజమ్మాళ్ ఓబప్పవైపు చేతులు జోడించింది. "సొంత బామ్మర్ది అని కూడా చూడకుండా చెప్పినారే! మనిషంటే ఇట్ల ఉండాల" అంది. మొదలాళి తమ్ముళ్ళు తలలూపారు. ఓబప్ప ఆ పొగడ్తను కాదనలేదు. తుండు సర్దుకుని, ఎప్పటిలాగే పెద్దరికంగా నడిచి బయటికి వచ్చాడు. దారిపొడుగునా ఆ మాట చెవిలో మోగుతుంటే ఆయనకు సంతోషం కలగలేదు.

మర్నాడు జయరామ గడ్డపారలు పెట్టి పలక లేపాడు. సిమెంటు గట్టిగా పట్టేసి ఉంది. రాయి ఒక పట్టాన లేవక, చివరికి పొయ్యివైపు ఒకచోటా తొట్టివైపు ఒకచోటా ఫెటీలుమని విరిగింది. విరగాల్సిన అతుకు మాత్రం విరగలేదు. దానికి అటు కొంత, ఇటు కొంత రాయితో నడిమి ముక్క నిండుగా లేచి వచ్చింది. మొదలాళి మనుషులకు అది ఉత్త చెత్త, ఎటైనా పారేయమన్నారు. జయరామ దాన్ని తోపుడుబండి మీద అక్క ఇంటికి తెచ్చాడు. చపాతీలు ఒత్తుకోవడానికి చిన్న రాయి కావాలని సాకమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. ఇటుకలు పేర్చి, వంటింటి మూల దాన్ని అమర్చి పోయాడు.

ఓబప్ప ఇంటికి వచ్చేసరికి సాకమ్మ కొబ్బరిపీచుతో ఆ రాయిని తోముతోంది. అది ఏ రాయో ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది.

"అతుకు యాడ ఉండాదో వెతుక్కోవాల" అంది ఆమె, తల ఎత్తకుండా. తర్వాత బిందె తీసుకుని కొళాయికి పోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఓబప్ప కదల్లేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. వంటింట్లో పగలు కూడా చీకటే కాబట్టి బల్బు వేశాడు. ఇన్నేళ్ళుగా ఎగతాళి చేసిన పనే చేశాడు, వంగి రాయి మీద పడిన బల్బు వెలుగును చూశాడు. వెలుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎక్కడా విరక్కుండా సాగింది. కళ్ళజోడు రాయికి ఆనేంత దగ్గరగా వంగితే గానీ దారంపోగులాంటి గీత కనబడలేదు. చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు ఒక్క బొట్టు ఆగకుండా అతుకు దాటి జారిపోయాయి. ఇంకోసారి పోశాడు. మళ్ళీ జారిపోయాయి.

ఓబప్ప నేల మీద కూలబడ్డాడు. తన జీవితంలో అంత మంచి అతుకు చూడలేదు. దాన్ని చెడ్డదన్నాడు. చెడ్డదన్నందుకు పొగడ్తలు కూడా పుచ్చుకున్నాడు. ఆ రాయివైపు చూడాలంటే సిగ్గేసింది. పంచె తడిసిందని కూడా గమనించకుండా అలాగే కూర్చున్నాడు.

గడ్డపార మరిచిపోయానని జయరామ తిరిగి వచ్చింది అప్పుడే. తడిసిన రాయినీ, కింద కూర్చున్న బావనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"జయరామా" అన్నాడు ఓబప్ప. "ఇది... ఇది బాగుండాది రా."

"తెలుసు బావా."

"తెలిసి యాల ఊరుకున్నావు? నాతో జగడానికి రాకూడదా?"

"నీ వేలు అతుకు మీద పడనే లేదు బావా. జానెడు ఇవతల పడింది. నువ్వు తగిలిందన్నచోట ఉత్త రాయే ఉండింది. అతుకు కనబడేలా ఉంటే అందురూ కనుక్కునేవాళ్ళు. కనబడలేదు కాబట్టి ఎవురికీ తెలియలేదు. నేను అడ్డం నిలబడుకున్నాను."

ఓబప్ప చెవులు గుంయ్‌మన్నాయి. ముక్కు మీద గుద్దినా అంత నొప్పి ఉండేది కాదు. అప్పుడు ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? తప్పయిపోయింది అన్న మాట కాదు.

"ఎవురికైనా చెప్పినావా?" అన్నాడు.

అన్న మరుక్షణమే నాలుక కొరుక్కున్నాడు. ఒకడి పని చెడగొట్టి, వాడి పేరు చెడగొట్టి, ఇంకా తన పరువు గురించే అడుగుతున్నాడు.

"చెప్పలేదు" అన్నాడు జయరామ. "అక్కకు ఒకర్తికే తెలుసు. అది కూడా నేను చెప్పి కాదు."

సాకమ్మ నీళ్ళబిందెతో వెనకనే నిలబడి ఉంది. "ఉడుకు లోటా చేత పట్టుకుని చెయ్యి కాలినా తెలియక కూర్చునింది చూసినాను" అంది. "అప్పటినుంచి కాఫీ చల్లార్చే ఇస్తాండాను. నువ్వే చెబుతావులే అని ఎదురుచూస్తిని."

ఇన్ని రోజులూ కాఫీ కోసం ఆమెను విసుక్కున్నది గుర్తొచ్చి ఓబప్ప తల వంచుకున్నాడు. అలా వంచిన తలతోనే ఆ పూట అన్నం తిన్నాడు. తమ్ముడూ అక్కా కలిసి ఆయన ముందే ఒక ఉపాయం ఆలోచించారు. కొత్త రాయి పరిచాక పాలు పొంగించే రోజున ఓబప్పను మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే పోకుండా కుదరదు. ఎలాగూ ఆ రోజు పొయ్యికీ మేడైకీ పసుపు బొట్లు పెడతారు. రాజమ్మాళ్‌కు సాయం చేసే వంకతో సాకమ్మ ఒక బొట్టు సరిగ్గా అతుకు కొస మీద పెడుతుంది. దాని పక్కన వేలు పెట్టి, లాగి, తగల్లేదు అంటే సరి. రాయి ఎలా ఉందో జయరామ ముందే చూసి ఉంటాడు కాబట్టి అబద్ధం కూడా కాదు.

"సరేనా బావా?" అన్నాడు జయరామ.

ఓబప్ప తల ఊపాడు. తన పెద్దరికాన్ని కాపాడటానికి బామ్మర్ది ఇంత ఆలోచిస్తుంటే వద్దనే ధైర్యం కూడా ఆయనకు లేకపోయింది.

పాలు పొంగించే నాడు పొద్దున్నే సోగత్తూరు ఇంటి ముందు అరటిచెట్లు కట్టారు. ఓబప్ప కాళ్ళు కడుక్కుంటుంటే, మొదలాళి తమ్ముళ్ళలో ఒకడు పక్కవాడితో అంటున్న మాటలు వినబడ్డాయి. "జయరామ మంచోడే గానీ పని చాలదప్పా. మొదటి రాయి చెడగొట్టినాడు, ఓబప్పన్న పట్టినాడు కాబట్టి సరిపోయింది. మా ఇంటికి సేలంనుంచి మనుషుల్ని పిలిపిస్తాండాము." ఆ మాట అన్నవాడు ఓబప్పను చూసి గౌరవంగా లేచి నిలబడ్డాడు. ఓబప్ప చేతిలోని చెంబు జారి గచ్చు మీద పడింది.

వంటింట్లో కొత్త మేడై మెరుస్తోంది. రాజమ్మాళ్ కొత్త పాలగిన్నె సిద్ధంగా పెట్టుకుంది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. రాయి అంచున వరుసగా పసుపు బొట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి మిగతావాటికంటే కాస్త పెద్దది, ఎడంగా ఉంది. సాకమ్మ తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, వేళ్ళకు ఇంకా పసుపు ఉంది. జయరామ వెనకాల గోడకు ఆనుకున్నాడు. వాడి మొహంలో మొన్నటి ధీమా లేదు. తన పని గురించి కాదు, బావ ఆ బొట్టు చూసుకుంటాడో లేదో అని.

"రండన్నా, చూసి చెప్పండి. మీరు చెప్పినాకనే పొయ్యి ముట్టించేది" అంది రాజమ్మాళ్.

ఓబప్ప మేడై ముందు నిలబడ్డాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పెద్ద పసుపుబొట్టు కళ్ళెదుటే ఉంది. నడక రాని పిల్లవాడికి చేయి అందించినట్టు అక్కా తమ్ముడూ కలిసి దాన్ని అక్కడ పెట్టారు. దాని పక్కన వేలు పెట్టాడు. గోరు లాగాడు. ఏమీ తెలియలేదు. ఒక్క మాట అంటే చాలు, కాఫీ వస్తుంది, దండం వస్తుంది, పెద్దరికం ఎక్కడికీ పోదు. జయరామ మాత్రం చెడ్డ పనివాడిగానే మిగిలిపోతాడు.

"నాకు తెలియలేదమ్మా" అన్నాడు.

"ఏమి తెలియలేదన్నా?"

"తగిలిందో లేదో తెలియలేదు. నా వేళ్ళకు తెలివి లేదు. చాలా నాళ్ళుగా లేదు." మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. "మొన్నటి రాయి బాగుండింది. బంగారంలాగ ఉండింది. నేను అతుకు కాని చోట వేలు పెట్టి తగిలిందన్నాను. జయరామ చూసి కూడా నా మర్యాద పోతాదని నోరు మూసుకున్నాడు. ఆ రాయి మా ఇంట్లో ఉండాది, ఎవురైనా వచ్చి చూసుకోండి. పెరియంపట్టి చెన్నమ్మ ఇంట్లో చెడ్డ అతుకును మంచిదన్నది కూడా నేనే."

జయరామ "బావా" అని మాత్రం అన్నాడు. సాకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ముందు వరుసలో ఉన్న ఒకావిడ పక్కావిడతో గుసగుసగా, "వేళ్ళకు తెలివి లేదంటాడే, అది పెద్దరోగం కాదు కదా?" అంది. గుసగుస అయినా అందరికీ వినబడింది. ఓబప్పకూ వినబడింది. ఇద్దరు ముగ్గురు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన భయపడ్డది ఇదే. దీనికి భయపడే తడికె వెనకాల దాక్కున్నాడు, దీనికి భయపడే ఇంత పాపం చేశాడు. ఇప్పుడు అందరి ముందూ జరిగిపోయింది. తన చేయి ఇంకా రాయి మీదే ఉందని చూసుకుని, ముట్టకూడనిదాన్ని ముట్టినట్టు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. పక్కకు జరిగి గోడ మూల నిలబడ్డాడు. బయటికి పోదామంటే జనం మధ్యలోంచి పోవాలి, వాళ్ళను తాకాలి. అందుకని పోలేకపోయాడు.

మొదలాళి జయరామ భుజమ్మీద చేయి వేసి ముందుకు తీసుకొచ్చాడు. రాజమ్మాళ్ మేడై మీద తన అరచేత్తో ఒకసారి నిమిరింది, పసుపుబొట్టు దగ్గర వేలు అటూ ఇటూ ఆడించింది. తర్వాత పొయ్యి ముట్టించింది. పాలు పొంగి గిన్నె అంచు దాటి నల్లరాయి మీద పడ్డాయి. తెల్లటి ధార అతుకు మీదుగా ఎక్కడా ఆగకుండా జారి అంచునుంచి కిందికి కారింది. ఆడవాళ్ళు సంతోషంగా కేకలు వేశారు. ఓబప్ప మూలనుంచి ఆ ధారనే చూస్తున్నాడు.

మొదటి లోటా పాలు ఇంటికి పెద్దవాళ్ళకు ఇవ్వడం రివాజు. రాజమ్మాళ్ లోటా నింపి, చుట్టూ చూసి, గోడ మూలకు వచ్చింది. ఓబప్ప తల అడ్డంగా ఊపాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఆయన భుజమ్మీది తుండు తీసి లోటాకు రెండు చుట్లు చుట్టింది. ఆయన చేయి పట్టి ముందుకు లాగి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే లోటా చుట్టూ ముడిచి, తన చేయి కొంచెంసేపు వాటి మీదే ఉంచింది.

"ఉడుకుగా ఉండాయన్నా, మెల్లగా తాగండి" అంది.

ఆమె చేయి తన చేతిమీద ఉందని ఓబప్పకు చూస్తేనే తెలిసింది. పాలు ఎంత వేడిగా ఉన్నాయో పెదవులకు తగిలాక తెలిసింది. ఆయన తల వంచుకుని, అందరూ చూస్తుండగా, ఆ లోటా అంతా తాగాడు.